ముసుగు తీయకముందు

చెప్పులైనా విడవకుండా గుమ్మంలో నిలబడి, "పిల్ల ఏది?" అని రైహాన్ అడగడం దగ్గర పోయిన వారం ఆగాం. ఆవిడ అడిగిన పిల్ల వెనక గదిలో గడియ పెట్టుకుని కూర్చుంది.

ఆ పిల్ల నా ఆడపడుచు బల్నూర్. మాలో కోడలు అత్తింటివాళ్ళను పేరు పెట్టి పిలవదు, తనకు తోచిన ముద్దుపేరు పెట్టుకుంటుంది. నేను షిమ్కెంత్ ఊళ్ళో ఈ ఇంటికి కాపురానికి వచ్చేనాటికి ఆమె ఇంకా బడికి వెళ్ళే పిల్ల, మీగడలాంటి బుగ్గలు. అందుకని "తెల్లపిల్ల" అని పెట్టాను. తర్వాత వయసొచ్చింది, వయసుతోపాటు మొటిమలూ వచ్చాయి. మామూలువైతే చెప్పుకునేదే లేదు. చీము పట్టి, గడ్డ కట్టి, తగ్గినచోట గుంట మిగిల్చిపోయే రకం. మా అత్తయ్య ఉల్బోసిన్ అది దిష్టి అని తేల్చేసి ఇంటినిండా పొగ వేసింది. పొగతో పోకపోయేసరికి గొర్రె తోక కొవ్వు కరిగించి రాత్రిళ్ళు మొహానికి పట్టించింది. మా ఇళ్ళలో జలుబుకూ అదే, దగ్గుకూ అదే, కాలితే అదే, మొటిమలకు మాత్రం పనికిరాకేం అని ఆవిడ వాదన. అసలే జిడ్డు మొహం, దాని మీద కొవ్వు. ఉన్నవి రెట్టింపయ్యాయి. తెల్లపిల్లా అని పిలిచినప్పుడల్లా ఆమె మొహం పక్కకు తిప్పుకుంటుంటే చూడలేక ఆ పిలుపే మానేశాను.

రైహాన్ ఆమెకు కాబోయే అత్తగారు. ఎదురుగా ఉంటే గారు అంటాను, ఇక్కడ రాసేటప్పుడు మాత్రం ఆ గౌరవం నాకు రావడం లేదు. బజారులో ఆవిడకు సబ్బులు, అత్తర్లు, క్రీములు అమ్మే కొట్టుంది. ఆ కొట్లోనే ఆవిడ కొడుకు యెర్నార్ బల్నూర్‌ను చూశాడు. మొటిమలతోనే చూశాడు, మొటిమలతోనే ఇష్టపడ్డాడు, ఆ మాట చెప్పి తీరాలి. వసంతంలో రైహాన్ వచ్చి మా పిల్ల చెవులకు కమ్మలు పెట్టి సంబంధం ఖాయం చేసుకుంది. వెళ్తూ వెళ్తూ పేరూ ఊరూ లేని ఒక తెల్ల డబ్బా చేతిలో పెట్టి రాత్రిపూట రాసుకోమంది. వారం తిరిగేసరికి మొహం నున్నగా తేలింది. అత్తయ్య ఏడ్చింది, నేనూ ఏడ్చాను. డబ్బాకు ముందు ఫోటో, డబ్బాకు తర్వాత ఫోటో పక్కపక్కన పెట్టి రైహాన్ తన కొట్టు ముందు అంటించింది. బజారంతా ఆ డబ్బా కోసం ఎగబడింది.

వేసవి ముదిరేకొద్దీ దాని అసలు రంగు బయటపడింది. ఎండలోకి వెళ్తే మంట. చెంపల మీద ఎర్రటి సన్న నరాలు. ఒక్క పూట రాయకపోతే దురద, వాపు. నేనే పట్టుబట్టి చర్మం డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. ఆవిడ డబ్బా మూత తీసి వాసన చూసి బల్ల మీద పెట్టేసింది. "ఇందులో ఏముందో పరీక్ష చేయకుండా చెప్పను గానీ, నీ చర్మం చెబుతోంది. ఇది స్టెరాయిడ్ చేసే పని. మానెయ్. మానగానే మొహం మండిపోతుంది, మొటిమలు ఒక్కసారిగా తోసుకొస్తాయి. భయపడి మళ్ళీ రాశావా, ఇక దాన్నుంచి బయటపడటం ఇంకా కష్టమవుతుంది" అంది. చల్లారడానికి నెలలు పడుతుందంది. మాకు నెలలు లేవు. పుచ్చపళ్ళ కాలం ముగిసేలోపే ముసుగు తీసే వేడుక పెట్టుకున్నాం. పెళ్ళికూతురిని అత్తింటి బలగం ముందు ముసుగుతో నిలబెట్టి, గాయకుడు ఒక్కొక్కరి పేరూ పాడుతూ ఆమె చేత దండాలు పెట్టించి, చివరికి ముసుగు ఎత్తుతాడు. ఆ రోజు అందరూ వచ్చేది మొహం చూడడానికే.

డబ్బా మానేసింది. డాక్టరు చెప్పినట్టే మొహం మండిపోయింది. అలాంటి సమయంలో వచ్చింది రైహాన్.

మా అత్తయ్యే ముందు తేరుకుంది. "గుమ్మంలో మాటలేంటి వదినగారూ, లోపలికి రండి. రొట్టె తుంచకుండా నిలబడితే మాకు బాగుంటుందా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ద్రాక్షపందిరి కింద అరుగు మీద కూర్చోబెట్టింది. గుడ్డ పరిచి రొట్టె, ఎండు జున్ను ఉండలు, పుచ్చ ముక్కలు పెట్టాం. కోడలిని కాబట్టి టీ పొయ్యడం నా పని. కెటిల్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

"పిల్లకి ఒంట్లో బాలేదు" అంది అత్తయ్య.

"ఒంట్లోనా, మొహంలోనా?"

అత్తయ్య రొట్టెను ఇంకా చిన్న ముక్కలు చేసింది. అబద్ధం ఆడవలసి వస్తే ఆవిడ చేతులకు ఏదో ఒక పని కావాలి.

"మా వాడు ఫోను చేస్తే మాట్లాడుతుందంట గానీ మొహం చూపించట్లేదంట" అంది రైహాన్. "వాడు అన్నం సరిగ్గా తినట్లేదు. నా మీద కోపమొచ్చిందేమో అమ్మా అని నన్నడుగుతాడు. నాకప్పుడే అర్థమైంది. రాయడం మానేసిందా?"

"డాక్టరు మానమంది" అన్నాను.

"నిన్ను అడగలేదమ్మాయ్."

"తీసుకెళ్ళింది నేను. నన్నే అడగాలి."

అత్తయ్య నా మోకాలు మీద చెయ్యి వేసి నొక్కింది. ఆ నొక్కుడికి అర్థం నాకు తెలుసు, నోరు మూసుకోమని. మూసుకున్నాను. మూసుకుని కప్పులో టీ పోసి ఆవిడ ముందుకు జరిపాను.

రైహాన్ సంచిలోంచి మూడు తెల్ల డబ్బాలు తీసి రొట్టె పక్కన పేర్చింది. గొంతు తగ్గించింది. "ఇవి కొంచెం గట్టివి వదినగారూ. ఈ రాత్రి రాస్తే ఎల్లుండికి మంట తగ్గిపోతుంది. ముసుగు తీసే రోజు దాకా రాసుకోనివ్వండి. తర్వాత ఎలాగూ మా ఇంట్లోనే కదా ఉండేది. నేనే మెల్లగా మాన్పిస్తాను."

"మాన్పించాల్సిన వస్తువని మీకు తెలుసన్నమాట" అన్నాను.

ఈసారి అత్తయ్య నా మోకాలు నొక్కలేదు. ఆవిడ కూడా రైహాన్ వైపే చూస్తోంది.

వెనక గది గడియ తీసిన చప్పుడు అప్పుడే వినిపించింది. బల్నూర్ కళ్ళు తప్ప ఏమీ కనిపించకుండా ఓణీ చుట్టుకుని వచ్చింది. మర్యాద తప్పకుండా వంగి దండం పెట్టింది. అరుగు చివర కూర్చుంది.

"తియ్యమ్మా, చూస్తాను" అంది రైహాన్.

బల్నూర్ తీసింది. చెంపలు, గడ్డం, ముక్కు పక్కలు అంతా ఎర్రగా పొంగి ఉంది. చీముతలలు గుంపులు గుంపులుగా లేచాయి. నోటిచుట్టూ చర్మం పొట్టు రేగుతోంది. రోజూ చూస్తున్న నాకే అలవాటు కావడం లేదు. కొత్తగా చూసినవాళ్ళు అదిరిపడాలి. రైహాన్ అదిరిపడలేదు. తెలిసిన దాన్ని చూసినట్టు చూసింది.

"కాసిని గోరువెచ్చటి నీళ్ళు తెచ్చిపెట్టు" అంది నాతో. ఈసారి గొంతులో అధికారం లేదు.

తెచ్చాను. తువ్వాలు ఇచ్చాను. మా అందరి ముందూ ఆవిడ మొహం కడుక్కుంది. ఒక కడుగుతో రంగు పోలేదు. పూత మీద పూత, దాని మీద పొడి, అన్నీ నీళ్ళలో గోధుమరంగు మడ్డిలా కరిగాయి. తల ఎత్తేసరికి నేను వెంటనే చూపు తిప్పుకోవలసి వచ్చింది. చర్మం ఉల్లిపొరలా పల్చగా ఉంది. కింది నరాలు ఎర్రటి వలలాగా పైకే కనిపిస్తున్నాయి. దవడల మీద నూగు ముదిరి వెంట్రుకలయ్యాయి. తువ్వాలు ఆనినచోటల్లా కమిలింది.

"ఏళ్ళ తరబడి రాస్తున్నాను" అంది. "మొదట్లో తెలీదు. తెలిశాక రెండుసార్లు మానబోయాను. నీకిప్పుడున్న దానికంటే ఎక్కువొచ్చింది తల్లీ. నా భర్త పోయిన ఏడాది అది. కొట్టు తెరవాలి, కొట్టు తెరిస్తే నలుగురి ముందు కూర్చోవాలి. మొహం చెడిపోయిన మనిషి దగ్గర మొహానికి క్రీము ఎవరు కొంటారు? మళ్ళీ రాశాను. నేను మోసగత్తెనని మీ కోడలు అనుకుంటోంది. నేను రాసుకోనిది ఎవరికీ అమ్మలేదు."

నాకు జాలి వేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. ఆవిడను తిట్టడానికి రోజుల తరబడి మాటలు కూడబెట్టుకున్నాను, ఆ మొహం చూశాక ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

బల్నూర్ అడిగింది, "తెలిసే నాకిచ్చారా అత్తయ్యా?"

రైహాన్ తువ్వాలు మడత పెట్టింది. "మా ఆడపడుచులు నోరుగలవాళ్ళు. ముసుగు ఎత్తగానే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుతారు. నా ముసుగు తీసిన రోజు నవ్వారు. అది నీకు జరక్కూడదనిచ్చాను."

"నాకిచ్చారు సరే. నా ఫోటో చూసి కొనుక్కున్నవాళ్ళకి?"

ఆవిడ మడిచిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడిచింది. ద్రాక్షగుత్తుల చుట్టూ కందిరీగలు తిరుగుతున్నాయి. ఎవరూ పుచ్చముక్క ముట్టుకోలేదు.

బల్నూర్ మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి రైహాన్‌కు దగ్గరగా కూర్చుంది. నేను భయపడ్డాను, ఏమైనా అంటుందేమోనని. ఆ పిల్ల తల కొంచెం వెనక్కి వాల్చి దవడ కింద చోటు చూపించింది. "ఇక్కడ చూడండి. మొన్నటిదాకా ఇక్కడ కూడా మండేది. ఇప్పుడు లేదు."

రైహాన్ కళ్ళు చికిలించి చూసింది.

"డాక్టరమ్మ చెప్పిందే చేస్తున్నాను. పొద్దున గోరువెచ్చటి నీళ్ళు, నురగొచ్చే మెత్తని సబ్బు. రుద్దకూడదు, తడి అద్దుకోవాలి. వాసన లేని పల్చటి క్రీము. పగలు గడప దాటితే ఎండ తగలకుండా కాచే క్రీము. రాత్రి మళ్ళీ కడుక్కుని మళ్ళీ క్రీము. దిండు గలీబు వదిన మారుస్తుంది. గిల్లకూడదు. అదొక్కటే కష్టం, చేతులు ఊరుకోవు. మంట చల్లారాక మొటిమల మందు మొదలుపెడతానంది, సెనగగింజంత. మొటిమ మీద చుక్క పెట్టడం కాదంట, మొహమంతా పల్చగా రాయాలంట. వచ్చినవాటి కోసం కాదంట, రాబోయేవి రాకుండా. ఇంతే అత్తయ్యా. వింత ఏమీ లేదు. ప్రతి రోజూ అదే, విసుగ్గా ఉంటుంది. అద్దం చూస్తే ఏడుపొస్తుంది. ఏడ్చి మళ్ళీ కడుక్కుంటాను, లేకపోతే ఉప్పుకి మండుతుంది."

నవ్వబోయింది. పెదవి పక్కన చర్మం పగిలి ఆగిపోయింది.

"మీరూ రండి" అంది. "ఇద్దరం కలిసి మానేద్దాం. ఒక్కళ్ళే అయితే భయమేస్తుంది. డాక్టరమ్మ అరుస్తుంది గానీ మంచిదే."

ఒక్క క్షణం రైహాన్ మొహంలో ఏదో కదిలింది. రంగు లేని ఆ మొహంలో ప్రతిదీ కనిపిస్తోంది. ఒప్పుకుంటుందనే అనుకున్నాను. రైహాన్ చెయ్యి ఎత్తింది, బల్నూర్ తల నిమరడానికేమో. మధ్యలోనే దించేసింది.

"నీకు తెలీదమ్మా" అంది. "కొట్టు ముందు నీ ఫోటో ఉంది. మా బలగమంతా ఆ మొహమే చూశారు. సగంమంది ఆడవాళ్ళు ఆ డబ్బాలు కొనుక్కుని రాసుకుంటున్నారు. ముసుగు ఎత్తగానే ఈ మొహం కనిపిస్తే వాళ్ళు అడిగేది నీ గురించి కాదు. తర్వాత నాకు కొట్టుండదు, ఊళ్ళో తలెత్తుకుని తిరగడముండదు. ఈ మొహంతో నిన్ను నిలబెట్టలేను."

"యెర్నార్ నన్ను మొటిమలతోనే చూశాడు."

"వాడు చూశాడు. వాడొక్కడే చూస్తే సరిపోతే వేడుక ఎందుకు?" రైహాన్ డబ్బాలను ముందుకు జరిపింది. "రాసుకుంటే అనుకున్న రోజుకే వేడుక. రాసుకోనంటావా, కమ్మలు తీసి మీ అమ్మకివ్వు. నేను మళ్ళీ రాను."

అంత మెల్లగా, అంత మామూలుగా అంది. బల్నూర్ కళ్ళు నీళ్ళతో నిండాయి. తుడుచుకోలేదు, తుడుచుకుంటే చర్మం లేచిపోతుంది. అలాగే కూర్చుని నీళ్ళు వాటంతట అవే కారనిచ్చింది. నావల్ల కాలేదు. లేచి నాలుగు మాటలు అనేద్దామని నోరు తెరిచాను.

అంతలో అత్తయ్య నా పక్కనుంచి కెటిల్ తీసుకుంది.

ఆవిడ సంగతి చెప్పాలి. పొరుగింటి వాళ్ళ గొర్రెలు మా కూరపాదులు మేస్తే, పాపం ఆకలేసిందేమో అనే మనిషి. బంధువులు వచ్చి వారం తిష్ట వేస్తే ఎనిమిదో రోజు పిండి కలుపుతూ పాటలు పాడుకునే మనిషి. ఈ సంబంధం వచ్చిందని ఊరంతా చెప్పుకుని మురిసిన మనిషి. ఆవిడ రైహాన్ కప్పు దగ్గరకు లాక్కుంది, చల్లారిన టీ పారబోసింది, పోయడం మొదలుపెట్టింది. మాలో అతిథికి టీ అడుగున కొద్దిగా పోస్తాం. ఎంత తక్కువ పోస్తే అంత ఆదరం, మళ్ళీ మళ్ళీ పోస్తాం, ఇంకాసేపు కూర్చోమని. అత్తయ్య సగం దగ్గర ఆపలేదు. ముప్పావు దగ్గరా ఆపలేదు. అంచు దాటి సాసరులోకి కారేదాకా పోసి, రెండు చేతులతో పట్టుకుని రైహాన్ ముందు పెట్టింది.

తాగి వెళ్ళమని దానర్థం. మా అత్తయ్య ఎవరికైనా నిండు కప్పు పోయడం నేను అంతకుముందు చూడలేదు.

"కమ్మలు నా కూతురు తీస్తుందో లేదో దానిష్టం" అంది అత్తయ్య. "డబ్బాలు మాత్రం నా ఇంట్లో ఉండవు. తీసుకెళ్ళండి."

రైహాన్ ఆ కప్పు ముట్టుకోలేదు. డబ్బాలు సంచిలో వేసుకుంది. పూత లేని మొహంతో వీధిలోకి వెళ్ళాలి కదా, బల్నూర్ ఓణీ వైపు చూసింది. బల్నూర్ ఏమీ మాట్లాడకుండా ఓణీ తీసి ఇచ్చింది. ఆవిడ అది చుట్టుకుని కళ్ళు మాత్రం బయట పెట్టుకుంది. నేను వెనకే గేటు దాకా వెళ్ళాను. సాగనంపకపోవడం మాలో లేదు, కోపమున్నా సరే.

గేటు దగ్గర ఆగింది. అరుగు మీద కూర్చున్న అత్తయ్యకు, బల్నూర్‌కు కూడా వినబడేలాగే మాట్లాడింది.

"వదినగారూ, తప్పంతా నా ఒక్కదాని నెత్తిన పెట్టారు, మోస్తాను. ఆ డబ్బాల్లో నేను కలిపే స్టెరాయిడ్ ట్యూబులు నాకు ఆకాశంలోంచి ఊడిపడ్డాయనుకుంటున్నారా? డాక్టరు చీటీ లేనిదే అన్నేసి ట్యూబులు నాకెవరిస్తారు? గోదాము వ్యానులో వస్తాయి. పెళ్ళి మాటలకు ముందునుంచే వస్తున్నాయి. తెచ్చేది మీ సాపర్."

సాపర్ నా భర్త. బల్నూర్‌కు తోడబుట్టినవాడు. మందుల గోదాములో వ్యాను నడుపుతారు, పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇల్లు చేరతారు.

"ఆయనకి తెలీదు" అన్నాను. "అవి ఎందుకో ఆయనకి తెలిసుండదు."

"ఎందుకో మొదటిరోజే అడిగాడమ్మాయ్. చెప్పాను." ఓణీలోంచి ఆవిడ కళ్ళు నన్నే చూస్తున్నాయి. "చెల్లెలికి డబ్బా ఇస్తున్నానని కూడా చెప్పాను."

వెళ్ళిపోయింది. నేను గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. బల్నూర్ డబ్బా మానేసిన దగ్గరనుంచీ మా ఆయన భోజనం దగ్గర తల ఎత్తడం లేదు. చెల్లెలు ఎదురుగా కూర్చుంటే రొట్టె చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళి తింటున్నారు. అలసిపోయారనుకున్నాను. చెల్లెలి బాధ చూడలేకపోతున్నారనుకుని, ఎంత మెత్తని మనిషని నాలో నేను మురిసిపోయాను కూడా.

వీధి మలుపులో వ్యాను శబ్దం వినిపించింది. ఆ శబ్దం మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను గేటు తీయడానికి చెయ్యి చాపాను.

బల్నూర్ నా పక్కనుంచి ముందుకు వచ్చింది. తల మీద ఓణీ లేదు. రోజుల తరబడి ఇల్లు దాటని ఆ మొహం మీద సాయంత్రపు ఎండ నేరుగా పడుతోంది. నేను అడ్డం పడబోయాను, ఎండ తగలకూడదు లోపలికి వెళ్ళమని.

"జరుగు వదినా" అంది. "గేటు నేను తీస్తాను. అన్నయ్య ఈ మొహం ఒకసారి సరిగ్గా చూడాలి."